ఈ ఏడాది చదివిన టీనేజీ నవలల్లో మీకు మిగిలిపోయింది ఏది?

చీపురుపల్లి టీచరమ్మ · డిసెంబరు 20, రాత్రి 9:12

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. స్టాఫ్ రూములో పాత ఇనప బీరువా ఒకటి ఉంది. కింది అరల్లో రిజిస్టర్లు, చాక్‌పీసు పెట్టెలు. పై రెండరలూ నావి. పిల్లలకి ఏ పుస్తకం ఇచ్చినా ముందు నేను చదివే ఇవ్వాలని జనవరిలో ఒట్టు పెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి లెక్క ఇరవై ఆరు తేలింది. వాటిలో ఎక్కువ భాగం ఈమధ్య ‘యంగ్ అడల్ట్’ అంటున్నారు కదా, ఆ రకం.

ఇరవై ఆరింటిలో నన్ను వదలనిది లూయీ సాచర్ ‘హోల్స్’. 1998లో వచ్చింది, కొత్తదేమీ కాదు. బూట్లు దొంగిలించాడన్న నేరం మీద స్టాన్లీ అనే కుర్రాణ్ణి ఎండిపోయిన సరస్సులో ఉన్న శిక్షా శిబిరానికి పంపిస్తారు. అసలు ఆ నేరం వాడు చెయ్యలేదు. అక్కడ ప్రతి కుర్రాడూ రోజుకో గొయ్యి తవ్వాలి. ఐదడుగుల లోతు, ఐదడుగుల వెడల్పు. చేతిలో ఉన్న పారనే కొలబద్దగా వాడాలి.

మా తొమ్మిదో తరగతిలో ఒకడున్నాడు. ఏ పుస్తకం ఇచ్చినా మూడోరోజుకి తెచ్చి, “బాగుంది టీచర్” అని బల్ల మీద పెట్టేస్తాడు. పదో పేజీ దాటలేదని చూస్తేనే తెలిసిపోతుంది. ‘హోల్స్’ మొదలు క్లాసులో నోటితో చెప్తూంటే వాడు లేచి నిలబడ్డాడు. “మా అమ్మా కొలత ప్రకారమే తవ్వతాది టీచర్. కొలత తగ్గితే డబ్బులు తగ్గించేత్తారు” అన్నాడు. ఉపాధి హామీ పని సంగతి. ఎవరూ నవ్వలేదు. సగం మంది అమ్మలు వెళ్ళేది ఆ పనికే. సాయంత్రం పీఈటీ మాస్టారి దగ్గర టేపు పట్టుకెళ్ళి, గ్రౌండు పక్కన మొక్కల కోసం తీసిన గొయ్యి కొలిచొచ్చాడు. రెండడుగులే ఉందట. “ఐదంటే నాను ములిగిపోతాను టీచర్” అని చెప్పి, పుస్తకం తనే అడిగి తీసుకున్నాడు.

సెప్టెంబరు నుంచి చదువుతూనే ఉన్నాడు. ఇంగ్లీషు కూడబలుక్కోవాలి కదా. పేజీకి ఆనవాలుగా చీపురుపల్లి బస్సు టికెట్టు పెట్టుకుంటాడు.

మీకు ఈ ఏడాది ఏది మిగిలింది? ఎన్ని నక్షత్రాలు ఇచ్చారో వద్దు, ఎందుకు మిగిలిందో చెప్పండి.

గంటస్తంభం · డిసెంబరు 20, రాత్రి 9:58

టీచరమ్మా, నమస్కారం. నేను విజయనగరంలో పుస్తకాలు అద్దెకిచ్చిన మనిషిని. షాపు మూసేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అదే గదిలో మా అబ్బాయి సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు.

మీరు యంగ్ అడల్ట్ అంటున్న సరుకు మేం ఎప్పుడో అమ్మాం, పేరు తెలీకుండా. మధుబాబు గారి షాడో నవల కొత్తది వచ్చిందంటే సాయంత్రం కాలేజీ వదిలే వేళకి షాపు ముందు సైకిళ్ళు పెట్టడానికి చోటుండేది కాదు. ఇంట్లో తిడతారని పుస్తకాన్ని చొక్కా లోపల దోపుకుని వెళ్ళేవారు. పదమూడేళ్ళ వాడికి కావలసింది ఒక్కటే అమ్మా, తరవాత ఏమైంది. అది లేకుండా ఎన్ని అవార్డులున్నా వాడికి అక్కర్లేదు.

అప్పట్లో ఒక పీడ ఉండేది. ఎవడో చివరి రెండు పేజీలూ చింపేసేవాడు. కావాలనే. తరవాత అద్దెకి తీసుకున్నవాడు మర్నాడు పొద్దున్నే ఏడుపు మొహంతో వచ్చేవాడు. చిరిగిన పేజీల్లో కథ నేను నోటితో చెప్పి పంపించేవాణ్ణి. నిజం చెప్పాలంటే అన్నీ నాకు గుర్తుండేవి కాదు. కొన్నిటికి ముగింపు నేనే కట్టేశాను.

పొందూరు పిల్ల · డిసెంబరు 20, రాత్రి 10:21

అంకుల్ 😂 అంటే మా నాన్న చదివిన షాడో ముగింపులు మీవే అయ్యుంటాయి.

టీచర్, నాకు పదిహేడు. ఇంటర్ సెకండియర్. మీ పోస్టు బాగుంది కానీ ఒక్క మాట గుచ్చుకుంది. ‘నేను చదివే ఇవ్వాలని.’ మీరు మంచి మనసుతోనే చేస్తారు, తెలుసు. మాకు మాత్రం అది సెన్సార్‌లా వినిపిస్తుంది. ఎవరో ముందు రుచి చూసి, కారం తీసేసి పెట్టిన కూరలాగ. నేను గట్టిగా ప్రేమించిన పుస్తకాలన్నీ ఎవరూ ఇవ్వనివే, నేను వెతుక్కున్నవే.

ఈ ఏడాది నాది ‘ది ఔట్‌సైడర్స్’. ఎస్.ఇ. హింటన్. అమెరికాలో రెండు ముఠాల కుర్రాళ్ళు, డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ. చెప్పేవాడు పోనీబాయ్, పద్నాలుగేళ్ళవాడు. అమ్మానాన్న లేరు, ఇద్దరు అన్నలు పెంచుతారు. కథ సంగతి సరే, దాన్ని రాయడం మొదలుపెట్టినప్పుడు ఆవిడకి పదిహేనేళ్ళు! 1967లో అచ్చయ్యేసరికి పద్దెనిమిది. ఆడపిల్ల రాసిందని తెలిస్తే కుర్రాళ్ళ ముఠాల కథ ఎవరూ నమ్మరేమో అని ప్రచురణకర్తలు పేరు బదులు పొడి అక్షరాలు వేశారట. పదిహేనేళ్ళప్పుడు నేనేం రాశాను? ఫౌండేషన్ కోర్సు వీక్లీ టెస్టు.

అందులో పెద్దవాళ్ళు దాదాపు కనిపించరు. నాకు అందుకే నచ్చింది. ఎవరూ వచ్చి, ‘చూశావా బాబూ, కొట్లాట తప్పు’ అనరు. కొట్లాట వల్ల ఏం పోయిందో మనకే తెలుస్తుంది.

చీపురుపల్లి టీచరమ్మ · డిసెంబరు 20, రాత్రి 10:40

తల్లీ, దెబ్బ సరిగ్గా తగిలింది. ముందు చదివేది వడపోయడానికి కాదు, వాడు వచ్చి మాట్లాడితే నేను తెల్లమొహం వెయ్యకూడదని. కానీ ఇరవై ఆరు చదివి పద్దెనిమిదే బీరువాలో పెట్టానన్నది నిజం. ఆ ఎనిమిదీ ఎందుకు పెట్టలేదో ఈ రాత్రి నన్ను నేను అడుక్కుంటాను.

నాగావళి ఒడ్డున · డిసెంబరు 21, ఉదయం 6:35

శ్రీకాకుళం. బ్యాంకులో రిటైరయ్యాను. మనవరాలు హైదరాబాదు నుంచి వేసవి సెలవులకి వచ్చి ‘ది బుక్ థీఫ్’ వదిలేసి పోయింది. కావాలనే వదిలిందని తరవాత తెలిసింది. మార్కస్ జూసాక్, 2005. లావు పుస్తకం. నా వయసుకి ఇదేం చదువు అనుకుంటూ మొదలుపెట్టాను.

కథ చెప్పేది మృత్యువు. మన యముడైతే దున్నపోతు మీద, పాశంతో, ఆర్భాటంగా వస్తాడు. ఈయన అలాంటివాడు కాదు. మార్చి నెలాఖరులో రాత్రి పదకొండింటికి కూడా లెడ్జర్లు ముందేసుకుని కూచునే గుమాస్తాలా ఉంటాడు. పని ఎక్కువ, సెలవు లేదు, మనుషుల మీద విసుగూ జాలీ రెండూ ఉన్నాయి. హిట్లర్ కాలం జర్మనీ. లీసెల్ అనే పిల్ల తమ్ముణ్ణి పూడ్చిన చోట మంచులో దొరికిన పుస్తకం తీసుకుంటుంది. చూస్తే అది గోతులు తవ్వేవాళ్ళ కోసం రాసిన పుస్తకం. టీచరమ్మ గారి గోతులు చదివాక అది గుర్తొచ్చింది. పెంపుడు తండ్రి ఆ పుస్తకంతోనే ఆ పిల్లకి చదువు చెప్తాడు, రాత్రిళ్ళు, నేలమాళిగ గోడ మీద రంగుతో అక్షరాలు రాయించి.

అదే నేలమాళిగలో మాక్స్ అనే యూదు యువకుడు దాక్కుంటాడు. లీసెల్‌కి పుట్టినరోజు కానుక ఇవ్వాలి, కాగితం లేదు. హిట్లర్ ఆత్మకథ పేజీలు చింపి, తెల్లరంగు పూసి, ఆరబెట్టి, వాటి మీద ఆ పిల్ల కోసం కథ రాసి బొమ్మలు వేస్తాడు. ఆ పుట దగ్గర పుస్తకం మూసి కాసేపు నది వైపు నడిచొచ్చాను. ఇంట్లో మా ఆవిడ ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

ఇంకొకటి. మనకి తెలుగులో ఇలాంటి నవలలు ఏవి అని ఎవరైనా అడుగుతారు, అడక్కముందే చెప్తాను. మనది కథల నేల. గురజాడ, చాసో, రావిశాస్త్రి, కారా మాస్టారు, అందరూ ముందు కథల్లోనే తెలుస్తారు. మా ఊళ్ళో 1997లో కారా గారు పెట్టిన గ్రంథాలయం పేరే కథానిలయం. బడి మాన్పించిన కృష్ణుడనే కుర్రాడు నాన్నకి చుట్టలు తేవడానికి బడి ముందు నుంచే వెళ్ళవలసి వచ్చి తలవంచుకునే కథ చాసో రాశారు, ‘ఎందుకు పారేస్తాను నాన్నా’. పది పేజీలుండదు. ఆ వయసు గురించి అంతకంటే బాగా రాసిన నవల నాకు తెలీదు.

గంటస్తంభం · డిసెంబరు 21, ఉదయం 7:10

మాస్టారూ, మీ మాటకి అడ్డు చెప్పను. కానీ ఆ వయసు గురించి రాసింది వేరు, ఆ వయసు వాళ్ళ కోసం రాసింది వేరు. చాసో కథ చదివి ఏడ్చేది మనం, నలభై దాటాక. పదమూడేళ్ళ వాడు ఆ కథని తెలుగువాచకంలో చదివి, కింద ప్రశ్నలకి జవాబులు రాస్తాడు.

పొందూరు పిల్ల · డిసెంబరు 21, ఉదయం 7:32

“కృష్ణుడి పాత్ర స్వభావాన్ని వివరించండి.” నాలుగు మార్కులు 🙏

ఇద్దరు పిల్లల తల్లి · డిసెంబరు 21, మధ్యాహ్నం 2:05

నేను సాహిత్యం మనిషిని కాదు. శ్రీకాకుళంలో ఉంటాం. మా పెద్దదానికి పదిహేనేళ్ళు. మొన్న వేసవిలో ఒక పుస్తకానికి పాఠ్యపుస్తకాల్లాగ బ్రౌన్ అట్ట వేసి, ఫిజిక్స్ అని పేరు కూడా రాసి చదువుతోంది. ఫిజిక్స్ చదువుతూ కళ్ళు తుడుచుకుంటే అనుమానం రాదా?

చూస్తే ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’. క్యాన్సర్ ఉన్న పదహారేళ్ళ అమ్మాయి, అదే జబ్బు వల్ల కాలు పోగొట్టుకున్న అబ్బాయి. ‘దిల్ బేచారా’ సినిమా దీన్నుంచే వచ్చిందని అది చెప్పేదాకా నాకు తెలీదు. ప్రేమకథ అని తెలిసి టెన్షన్ వచ్చింది. అది స్కూలుకి వెళ్ళాక కూచుని చదివాను. చెకింగ్ కోసమే. నాకు అబ్బాయి సంగతి కంటే ఆ అమ్మాయి తల్లి గుచ్చుకుంది. కూతురు పోయాక నువ్వు అమ్మవి ఎలా అవుతావు అనే భయం ఆ పిల్లకి ఉంటుంది. ఆ పిల్లకి తెలీకుండా తల్లి ఏం చదువుకుంటోందో, ఎందుకు దాచిందో చివర్లో తెలుస్తుంది. ఆ చోట పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

సాయంత్రం దానితో ఏమీ అనలేదు. బ్రౌన్ అట్ట మీద పాల మరక చూసి అదే కనిపెట్టేసింది. “చదివేశావా?” అంది. “ఆ” అన్నాను. ఇంకేం మాట్లాడుకోలేదు. కానీ ఆ తరవాత నుంచి అట్టలు వెయ్యడం మానేసింది.

టీచర్ గారూ, ‘హోల్స్’ దొరికితే మా చిన్నవాడికి కావాలి. వాడికి పన్నెండు. ఫోను వదలడు.

భావనపాడు కెరటం · డిసెంబరు 21, సాయంత్రం 6:48

నేను ఇప్పుడు విశాఖలో ఉద్యోగం. అనితా దేశాయ్ ‘ది విలేజ్ బై ద సీ’ ఈ ఏడాదే చదివాను, ముప్ఫై ఏళ్ళకి. 1982 నాటిది, ఇంగ్లండులో గార్డియన్ బహుమతి వచ్చింది. ఎనిమిదో తరగతిలో ఎవరైనా చేతిలో పెట్టి ఉంటే ఏమయ్యేదో.

బొంబాయికి దగ్గర్లో తుల్ అనే సముద్రపు ఊరు. తండ్రి తాగుడు, తల్లి మంచం. పదమూడేళ్ళ లీలా ఇల్లు నడుపుతుంది, తమ్ముడు హరి పన్నెండేళ్ళవాడు. ఊళ్ళో ఎరువుల ఫ్యాక్టరీ వస్తుందంటారు. కొందరికి భయం, కొందరికి ఉద్యోగం ఆశ. ఊరివాళ్ళతో బొంబాయి ఊరేగింపుకి వెళ్ళిన హరి అక్కడే ఉండిపోయి ఓ చిన్న హోటల్లో పనికి కుదురుతాడు. పక్కన గడియారాలు బాగుచేసే ముసలాయన వాడికి పని నేర్పిస్తాడు.

మా తీరం వాళ్ళకి ఇది కథలా అనిపించదు. పోర్టు, థర్మల్, ఫ్యాక్టరీ అని ఊళ్ళో వాదించుకోవడం మేం పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. వలసా అంతే. మా నాన్న ఏటా గుజరాత్ వెరావల్ వెళ్ళేవాడు, బోటు మీద కూలికి. 2018 చివర్లో మన జిల్లా మత్స్యకారులు అక్కణ్ణించి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఆ రోజుల్లో మా అమ్మ టీవీ కట్టేసేది కాదు. మా నాన్న వాళ్ళలో లేడు. అయినా కట్టేసేది కాదు.

ఈ పుస్తకంలో నాకు నచ్చింది సగం పుటలు లీలా దగ్గరే ఉండడం. వెళ్ళినవాడి కథ అందరూ రాస్తారు. ఉండిపోయినవాళ్ళు పొద్దున్న లేచి ఏం చేశారు, పొయ్యిలోకి ఏం దొరికింది, అప్పు ఎవరిని అడిగారు, అది ఎవరు రాస్తారు?

నచ్చనిదీ ఉంది. బొంబాయి నుంచి సెలవులకి కారులో వచ్చే డబ్బున్న కుటుంబం తల్లిని ఆసుపత్రిలో చేర్పిస్తుంది. అంత సులువుగా కుదిరిపోతే కోపం వచ్చింది. మా ఊరికి ఏ కారూ రాలేదు.

నాగావళి ఒడ్డున · డిసెంబరు 21, రాత్రి 7:30

బాబూ, మీ కోపం న్యాయమే. కానీ రచయిత్రి ఆ కారుకి బదులు ఏం పెట్టాలంటారు? తల్లి చచ్చిపోవాలా? పిల్లల పుస్తకంలో ఒక తలుపు తెరిచి ఉంచడం మోసం కాదనుకుంటాను.

భావనపాడు కెరటం · డిసెంబరు 21, రాత్రి 7:51

తెరవొచ్చు సార్. ఆ తలుపు లీలా తెరిచి ఉంటే బాగుండేది అంటున్నాను. హరికి గడియారాల పని దొరికింది. లీలాకి ఏం దొరికింది?

నాగావళి ఒడ్డున · డిసెంబరు 21, రాత్రి 7:58

దీనికి నా దగ్గర జవాబు లేదు.

పార్వతీపురం ప్యాసింజర్ · డిసెంబరు 22, ఉదయం 5:20

రైల్వే. నైటు డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి.

ఫ్యాక్టరీల మాట వచ్చింది కాబట్టి ‘ఇయర్ ఆఫ్ ద వీడ్స్’ చెప్పకుండా ఉండలేను. సిద్ధార్థ శర్మ, 2018. ఒడిశాలో ఒక కొండ, కొండలో బాక్సైటు, దానికోసం వచ్చే కంపెనీ. సర్కారు బంగళాలో తోటపని చేసే గోండు కుర్రాడు కొరొక్, ఆ బంగళాకి కొత్తగా వచ్చిన అధికారి కూతురు అంచిత. కొరొక్‌కి మొక్కలు తప్ప వేరే ధ్యాస లేదు. కొండ ఎందుకు కావాలో పెద్దపెద్ద మాటలతో అడక్కుండా మొక్కల దగ్గర్నుంచి అడుగుతాడు.

దీని వెనక ఉన్నది నియమగిరి పోరాటం. పార్వతీపురంలో రైలెక్కి కూనేరు దాటితే ఒడిశా, గంటలో రాయగడ. అక్కడి డోంగ్రియా కోందుల కొండ అది. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చమంది. పన్నెండు గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. మా రైళ్ళలో ఆ మనుషులే పసుపు, అనాసలు మోసుకుని ఎక్కుతారు. మనం సీటు కోసం సర్దుకోమంటాం. పుస్తకం చదివాక రెండు మూడు రోజులు ఆ బోగీలోకి వెళ్ళాలంటే మొహమాటంగా ఉండింది.

నవ్వు కూడా ఉంది సుమండీ. ఆఫీసర్లు మాట్లాడుకునే తీరు చదువుతుంటే మా డివిజన్ మీటింగులు గుర్తొచ్చాయి. ఇంతకంటే రాస్తే నా ఉద్యోగానికి ఇబ్బంది.

పొందూరు పిల్ల · డిసెంబరు 22, ఉదయం 8:02

ఇది నేను ఇవాళే ఆర్డర్ పెడుతున్నా.

నా రెండోది చెప్పడం మర్చిపోయా. ‘ది గివర్’, లోయిస్ లౌరీ, 1993. అందరూ సమానం, ఎవరికీ నొప్పి లేదు, ఆకలి లేదు, ఏ ఉద్యోగం చెయ్యాలో పన్నెండో ఏట కమిటీ చెప్పేస్తుంది. రంగులు కూడా ఉండవు! చదివేవాళ్ళకి ఆ సంగతి వెంటనే తెలీదు. జోనస్‌కి చేతిలో ఆపిల్ ఒక్క క్షణం ‘మారినట్టు’ కనిపిస్తుంది. ఏం మారిందో వాడికే తెలీదు, చెప్పడానికి మాట లేదు. ఎరుపు. ఆ రంగు వాళ్ళకి ఎప్పుడూ లేదు కదా.

ఫ్రెండ్స్‌కి కథ చెప్తే ఒకర్తి అంది, “ఉద్యోగం కమిటీయే చెప్పేస్తాదా? బాగుందే, ఎంసెట్ గోల లేదు” అని. తను జోకు వెయ్యలేదు. అక్కడ నాకు భయమేసింది.

చివర్లో జోనస్ బతికాడా చచ్చిపోయాడా అని మా హాస్టల్ రూమ్‌మేట్‌కీ నాకూ రెండు రోజులు మాటల్లేవు. తరవాతి భాగాల్లో తెలుస్తుందట. నేను చదవను. నాకు తెలుసు ఏమైందో.

గంటస్తంభం · డిసెంబరు 22, ఉదయం 9:15

చూశారా! చివరి పేజీ ఉన్నా సరే ముగింపు మనమే కట్టుకోవాలి. నేనేం పాపం చెయ్యలేదు.

ఇద్దరు పిల్లల తల్లి · డిసెంబరు 22, మధ్యాహ్నం 1:40

అన్నీ ఇంగ్లీషే చెప్తున్నారు. మా చిన్నవాడు తెలుగు మీడియం కాకపోయినా తెలుగే హాయిగా చదువుతాడు. తెలుగులో ఇవ్వదగ్గవి చెప్పండి. నీతి కథలు వద్దు, ఇంట్లో నేనున్నాను చాలు.

చీపురుపల్లి టీచరమ్మ · డిసెంబరు 22, రాత్రి 8:30

మీ ఆఖరి వాక్యం మా స్టాఫ్ రూములో చదివి వినిపించానండి.

నా బీరువాలో ఎప్పుడూ వెనక్కి రానిది ‘రైలుబడి’. టెట్సుకో కురొయనాగి చిన్నతనం. అల్లరి పిల్లని ఒక బడి వెళ్ళగొడితే, పాత రైలుపెట్టెల్లో నడిచే ఇంకో బడి చేర్చుకుంటుంది. మొదటిరోజు హెడ్‌మాస్టరు గంటల తరబడి ఆ పిల్ల చెప్పేది వింటాడు, ఊరికే. నవల కాదు, జ్ఞాపకాలు, అది ఒప్పుకుంటాను. మూడుసార్లు కొన్నాను, మూడూ పోయాయి. పోయినందుకు సంతోషమే.

కాస్త పెద్ద పిల్లలకి డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ ముసలివాడు అడవిలోకి వెళ్తాడు. ఒక్క రాత్రి కథ. టీనేజీ వాళ్ళ కోసం రాసింది కాదు. పదో తరగతి కుర్రాళ్ళకి సగం గట్టిగా చదివి ఆపేశాను. గంట కొట్టినా కదల్లేదు. గంటస్తంభం గారి ‘తరవాత ఏమైంది’ అందులో నిండా ఉంది. చిత్తూరు మాటలు కొన్ని మా పిల్లలకి కొత్త. అడిగి తెలుసుకున్నారు. బదులుగా మన మాటలు ఏ పుస్తకంలో ఉంటాయి టీచర్ అని అడిగారు. కథలున్నాయి అన్నాను. “నవలేటీ లేదా?” అన్నాడు ఒకడు. పదమూడేళ్ళ గుంటడు మన మాటల్లోనే చెప్పుకుపోయే నవల, చీపురుపల్లిలోనో పలాసలోనో జరిగేది, వాడి చేతిలో పెట్టడానికి నా దగ్గర లేదు. ఇక్కడ రాసేవాళ్ళెవరైనా ఉంటే వినండి. ఒక పాఠకుడు తయారుగా ఉన్నాడు.

సోమరాజు సుశీల గారి ‘ఇల్లేరమ్మ కథలు’ మీ ఇద్దరికీ పనికొస్తుంది. పెద్దది నవ్వుతూ చదువుతుంది, చిన్నవాడికి మీరు చదివి వినిపించండి.

భావనపాడు కెరటం · డిసెంబరు 22, రాత్రి 9:05

ఆ ఎనిమిది పుస్తకాల సంగతి ఏమైంది టీచర్?

చీపురుపల్లి టీచరమ్మ · డిసెంబరు 22, రాత్రి 9:26

మర్చిపోలేదు. ఐదు నాకే నచ్చలేదు, అవి ఇంట్లోనే ఉంటాయి. మిగతా మూడూ నేను భయపడ్డవి. వాటిలో ఒకటి జేసన్ రేనాల్డ్స్ ‘లాంగ్ వే డౌన్’. అన్నని కాల్చి చంపారు, పదిహేనేళ్ళ విల్ ప్రతీకారానికి నడుముకి తుపాకీ దోపుకుని లిఫ్టు ఎక్కుతాడు. లిఫ్టు కిందికి దిగే ఆ నిమిషమే నవల. ఒక్కో అంతస్తులో చచ్చిపోయినవాళ్ళు ఒక్కొక్కరు ఎక్కుతారు. అంతా కవితలాగే, పేజీకి గుప్పెడు మాటలు. చదవడానికి బద్ధకించే పిల్లలకి అంతకంటే సులువైన పుస్తకం లేదు. తుపాకీ ఉందని పక్కన పెట్టాను. మా పిల్లలు వారానికి నాలుగు సినిమాల్లో చూసే తుపాకీ.

సోమవారం మూడూ బీరువాలో పెట్టేశాను.

చీపురుపల్లి టీచరమ్మ · డిసెంబరు 24, సాయంత్రం 5:50

ఒక సహాయం కావాలి.

మా గోతుల కుర్రాడు ఇవాళ వచ్చాడు. ‘హోల్స్’ ఆఖరికి వచ్చేశాడట. కాపీ నేను విశాఖలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, బైండింగు వదులు. చేతులు మారి మారి వెనక అట్ట ఎప్పుడో ఊడింది. దాంతోపాటు చివరి కాగితాలు కూడా పోయాయని వాడు చెప్తేనే తెలిసింది.

ఇంకో సంగతి కూడా ఇవాళే బయటపడింది. వీడు రోజూ చదివింది రాత్రి వాళ్ళమ్మకి మన మాటల్లో చెప్తున్నాడు. మొదట్లో ఆవిడ అడిగిందట, “ఆ గుంటడికి కూలెంతిత్తారు?” అని. ఏమీ ఇవ్వరంటే, “మరెందుకు తవ్వతాడు, ఎర్రిపీనుగు!” అందిట. ఇప్పుడు పొయ్యి దగ్గర కూచోగానే తనే అడుగుతోంది, “తరవాత ఏటయింది రా?” అని. నిన్న రాత్రి వీడి దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

నేను చెప్తానంటే వద్దన్నాడు. “చదివే చెప్తాను టీచర్” అన్నాడు. ఎవరి దగ్గరైనా పుస్తకం ఉందా?

గంటస్తంభం · డిసెంబరు 24, సాయంత్రం 6:04

ముగింపు కట్టివ్వమంటే నేను రెడీ. కానీ వాడు నా పాత గిరాకీల్లాంటివాడు కాడు. పుస్తకమే దొరకాలి.

పొందూరు పిల్ల · డిసెంబరు 24, సాయంత్రం 6:11

నా దగ్గర ఉంది!! పూర్తి కాపీ. ఫోటోలు తీసి పంపనా?

చీపురుపల్లి టీచరమ్మ · డిసెంబరు 24, సాయంత్రం 6:15

వాళ్ళింట్లో ఉన్నది బటన్ ఫోను తల్లీ.

పొందూరు పిల్ల · డిసెంబరు 24, సాయంత్రం 6:40

అయితే ఇలా చేద్దాం. ఆదివారం పొద్దున్న నాన్నతో విజయనగరం వస్తున్నా, ప్యాసింజర్‌లో. చీపురుపల్లిలో ఆగుతుంది కదా. కిటికీలోంచి ఇచ్చేస్తా. చదివాక ఆ కాపీ శ్రీకాకుళం ఆంటీ వాళ్ళ చిన్నవాడికి పంపించండి, నాకు తొందర లేదు.

పార్వతీపురం ప్యాసింజర్ · డిసెంబరు 24, రాత్రి 7:02

నిమిషమే ఆగుతుందమ్మా. ముందు నుంచి మూడో బోగీలో కూర్చో, ప్లాట్‌ఫాం మధ్యకి వస్తుంది.

పొందూరు పిల్ల · డిసెంబరు 24, రాత్రి 7:05

సరే అంకుల్. టీచర్, అబ్బాయిని ఎలా గుర్తుపట్టాలి?

చీపురుపల్లి టీచరమ్మ · డిసెంబరు 24, రాత్రి 7:20

నేనూ పక్కనే ఉంటాను. వాడి చేతిలో వెనక అట్ట లేని పుస్తకం ఉంటుంది, మధ్యలో బస్సు టికెట్టుతో. టికెట్టు కొత్త దాంట్లోకి మార్చుకుంటాడట.